కొండ మీద నేల అడగకు

విశాఖపట్నం

చిరంజీవి కార్తీక్‌కు,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన ప్లాను బొమ్మలు అందాయి. అరకు దాటాక రోడ్డు పక్కన రెండెకరాలు, వరసగా గుడారాలు, మధ్యలో చలిమంట, ఓ మూల కాఫీ కొట్టు. బొమ్మలు బాగున్నాయి. నేల ఒక గిరిజన కుటుంబానిదనీ, పాతికేళ్లకు లీజు రాసివ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారనీ, కాదంటే ఆ ఊరి కుర్రాడి పేరునే అన్నీ నడిపిస్తామనీ రాశావు. చట్టం సంగతి లాయరు చూసుకుంటాడని చివర్లో ఒక్క ముక్క. నేను చెప్పాల్సిందంతా ఆ ఒక్క ముక్క గురించే.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు, నాయనా. పట్టుబడతావన్న భయంతో చెప్పడం లేదు. ఎవరూ పట్టుకోరని తేలినా పెట్టొద్దనే చెబుతాను. ఆ కొండల మధ్య బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. నా దగ్గర చదువుకున్న పిల్లలే ఇప్పుడు అక్కడ తల్లులు, తండ్రులు. నువ్వు లీజు అడుగుతున్న నేల వాళ్లలో ఎవరిదైనా కావచ్చు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి మండలాలన్నీ అందులోవే. ఇవి రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతాలు. ఇక్కడి భూమి బదలాయింపుల మీద 1959లో ఒక రెగ్యులేషన్ తెచ్చి, 1970లో దాన్ని బాగా బిగించారు. జనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది ఆ సవరణనే. పాడేరు బస్టాండులో టీ కొట్టతన్ని అడిగినా దాని సంగతి చెబుతాడు. ఈ ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనులకో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. బదలాయింపంటే అమ్మకం ఒక్కటే అనుకోకు. తనఖా, దానం, మార్పిడి, లీజు అన్నీ అందులోకే వస్తాయి. అంటే నీ పాతికేళ్ల లీజు రాసిన రోజే చెల్లని కాగితం. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి కనబడితే అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే. ఇది అన్యాయమని కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో ఆ కోర్టు చట్టాన్నే నిలబెట్టింది.

ఊరి కుర్రాడి పేరు పెట్టుకోవడం ఇంకా పాడు పని. అప్పు నీది, కట్టడం అతని నేల మీద, సంతకం అతనిది. వ్యాపారం దెబ్బతింటే నువ్వు హైదరాబాదు వెళ్లిపోతావు. అప్పులవాళ్లు, అధికారులు వచ్చి నిలదీసేది అతన్ని. ఇలాంటి కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టు వరండాలో, తన పేరున ఏ కాగితాలు ఉన్నాయో తనకే తెలియక కూర్చున్న మనుషుల్ని నేను చూశాను.

మరి అరకులో అన్ని లాడ్జీలు ఎలా వచ్చాయని అడుగుతావు. కొన్ని ప్రభుత్వానివి. కొన్ని నిజంగానే అక్కడివాళ్లు కట్టుకున్నవి. మిగతావి నువ్వు రాసిన పద్ధతిలో లేచినవి. ఇంతమంది చేస్తున్నారన్న కారణంతో నువ్వూ చేస్తే, నీకూ ఆ వరసలో చివరివాడికీ తేడా ఉండదు.

ఇంత గట్టి చట్టం ఎందుకు అవసరమైందో తెలియాలంటే నువ్వు లంబసింగి వెళ్లాలి. డిసెంబరులో అందరూ అక్కడికి పరుగెడతారు. వెయ్యి మీటర్ల ఎత్తు, తెల్లారేసరికి సున్నా దగ్గరికి దిగే చలి, గడ్డి మీద మంచు పొర. ఆ మంచు చూసి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. నువ్వు మాత్రం నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా ఘాటు ఎక్కేటప్పుడు ఆ రోడ్డును చూడు. నూరేళ్ల కిందట ఆ దారి వేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. వేసింది చుట్టుపక్కల ఊళ్ల జనం, వెట్టిచాకిరీతో. కూలి అడిగినవాళ్లకు దెబ్బలు దక్కాయి. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పోడు కొట్టుకునే కొండలు రిజర్వు అడవులైపోయాయి. కట్టెకు, గడ్డికి, ఆకుకు కూడా గార్డు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. తిండి పండించుకునే దారి మూసేసి, బయటివాళ్లు కొండ ఎక్కడానికి దారి వాళ్ల చేతే వేయించారు.

అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద పడి తుపాకులు పట్టుకుపోవడం ఇందులోంచి పుట్టిందే. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. 1924 మే 7న సీతారామరాజును కొయ్యూరు ప్రాంతంలో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అతని విగ్రహం లేని ఊరు మన వైపు లేదు కానీ, పక్కన నిలబడిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ముల పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? గంటందొరనూ ఆ 1924లోనే చంపేశారు. మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తుపాకీ పట్టిన కొండ మనిషి ఢిల్లీలో తొలి లోక్‌సభలో కూర్చున్నాడు. నా క్లాసులో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ పిల్లల కళ్లు పెద్దవయ్యేవి.

సీతారామరాజు ఆ కొండల్లో పుట్టినవాడు కాదు. మైదానం నుంచి వెళ్లినవాడు. అక్కడ కొంతకాలం ఉండి, మందులిచ్చి, కల్లు సారాలు మానమని చెప్పి, తగాదాలు పంచాయతీలోనే తీర్చుకోమని చెప్పి, ఆ తరవాతే వాళ్ల నాయకుడయ్యాడు. వాళ్ల నేల కోసం వెళ్లినవాడు కాదు. బయటినుంచి వెళ్లేవాడికి ఆ కొండల్లో చోటు ఎలా దొరుకుతుందో నీకు ఉదాహరణ కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

సీతారామరాజుదే మొదటి తిరుగుబాటు కాదు. 1879లో రంప పితూరీ లేచింది. చెట్టుకల్లు గీసుకుని తాగే హక్కు మీద పన్ను వేసి, వసూలుకు కౌలుదార్లను తోలడంతో మొదలై, గోలుగొండ కొండల నుంచి భద్రాచలం వైపు దాకా పాకింది. దానికీ ముందు 1839లోనే గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా చేసి అతని చేతిలో పెట్టారు. పితూరీ వెనక పితూరీ చూశాక 1917లో బ్రిటిషువాళ్లకే అర్థమైంది, అప్పులిచ్చి నేల లాక్కునే మైదానం షావుకార్లను ఆపకపోతే కొండ చల్లారదని. అందుకని కొండజాతివాళ్ల భూమి బయటివాళ్లకు పోకుండా, వడ్డీ మితి మీరకుండా ఒక చట్టం చేశారు. 1959 రెగ్యులేషన్, 1970 సవరణ దాని మీద కట్టినవే. కార్తీక్, నీ లాయరు ఒక సెక్షనుగా చూస్తున్న దాని వెనక ఇన్ని ప్రాణాలు ఉన్నాయి. అప్పట్లో షావుకారు ఉప్పు, బట్ట అప్పిచ్చి వేలిముద్ర వేయించుకునేవాడు. నువ్వు అడ్వాన్సు ఇచ్చి సంతకం తీసుకుంటున్నావు. నీ మనసు మంచిదే, నాకు తెలుసు. ఆ కుటుంబానికి పదేళ్ల తరవాత మిగిలేది మాత్రం అప్పుడైనా ఇప్పుడైనా ఒక్కటే.

ఇప్పుడు బొర్రా గుహల దగ్గరికి రా. సముద్ర మట్టానికి సుమారు ఏడువందల మీటర్ల ఎత్తున, అనంతగిరి కొండల సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లు కరిగించి చేసిన గుహలవి. పైనుంచి వేలాడే రాళ్లు, కిందినుంచి లేచే రాళ్లు, లోపల శివలింగం, కొండ అడుగున గోస్తనీ. టికెట్టు కొని అరగంటలో తిరిగి వచ్చేస్తే ఇంతే కనబడుతుంది. కానీ ఆ రాతి జాతే ఆ చుట్టుపక్కల ఊళ్లకు గండమైంది. కాల్సైటు కోసం నిమ్మలపాడు వంటి ఊళ్లలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. అక్కడి రైతులు ఎదురు తిరిగారు. సమత అనే సంస్థ వాళ్ల తరఫున కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమే కాదు, ప్రభుత్వ భూమినీ అటవీ భూమినీ కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. బదలాయించకూడని వాళ్లలో ప్రభుత్వం కూడా ఉందని తేల్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఆ పక్క, ఒకరు ఈ పక్క. ఇంత దగ్గరగా తప్పిపోయిన గండం అది. దేశమంతా గిరిజన ప్రాంతాల భూమి వాదనల్లో ఇవాళ్టికీ సమత తీర్పు అని చెప్పుకునేది దీన్నే. అది పుట్టింది బొర్రా పక్కన, చోడి అంబలి తాగి పొలానికి వెళ్లే మనుషుల పట్టుదలతో.

ఆ తీర్పు వెనక నిలబడింది కూడా వన్ ఆఫ్ సెవెంటీయే. నువ్వు ఇన్నాళ్లూ అడ్డమనుకున్న చట్టం లేకపోతే, నీ ప్లానులో గుడారం ముందు కనబడే కొండ ఈపాటికి క్వారీ అయ్యేది. 2015లో చింతపల్లి అడవుల్లో బాక్సైటు తవ్వకాలకు జీవో వచ్చినప్పుడూ అంతే. ఊరూరా జనం రోడ్డెక్కారు. 2019లో ఆ జీవో రద్దయింది. అనంతగిరి పక్క గాలికొండ, రక్తకొండ చూడటానికి జనం కార్లాపి దిగుతారు కదా, వాటి నెత్తినా బాక్సైటే ఉంది. నువ్వు అమ్మాలనుకుంటున్న అందం ఇంకా అక్కడ ఉందంటే, దాన్ని నువ్వు కొనలేని చట్టం ఉండబట్టే. రెండింటిలో ఒకటి వదులుకుని రెండోది దక్కించుకోలేం.

అందం మాట అటుంచు. నీళ్లు చూడు. గోస్తనీ ఆ కొండల్లో పుట్టి తాటిపూడి జలాశయం నింపి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారదా నది కూడా ఆ కొండలనుంచే దిగి రైవాడ దగ్గర ఆగుతుంది. విశాఖపట్నంలో నా ఇంటి కుళాయిలో వచ్చే నీళ్లలో తాటిపూడివి, రైవాడవి ఉన్నాయి. అటు పడమటి వైపు మాచ్‌ఖండ్ నది, అదే కిందికి వచ్చి సీలేరు. 1955 నుంచి మాచ్‌ఖండ్ దగ్గర కరెంటు తీస్తున్నారు. ఆ కరెంటుతో మైదానం ఊళ్లు వెలిగిన చాలా ఏళ్ల దాకా కొండల్లో ఎన్నో ఊళ్లు చీకట్లో ఉన్నాయి. రైలు సంగతీ ఇలాంటిదే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960ల్లో జపాను సాయంతో వేసిన లైను, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవుకు చేర్చడం కోసం. యాభై ఎనిమిది సొరంగాలు తొలిచారు. శిమిలిగూడ స్టేషను ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది. 2017 నుంచి అద్దాల పెట్టె పెట్టారు కాబట్టి టూరిస్టులకు అది అరకు రైలు. ఆ పట్టాలు పడింది ఖనిజం కోసం. కొండ నుంచి కిందికి ఏం దిగిందో, కిందినుంచి కొండకు ఏం ఎక్కిందో లెక్క వేసుకుంటూ ఆ రైలెక్కు. ఆ లెక్కలో నీ వ్యాపారం ఎటువైపు పడుతుందో నువ్వే తేల్చుకో.

ఇక్కడిదాకా చదివి, పెద్దమ్మ నన్ను మొత్తానికి రావద్దంటోందని అనుకోకు. రమ్మనే అంటున్నాను. ఎలా రావాలో చెబుతున్నాను.

డిసెంబరులో రాకు. అప్పుడు నీకు అరకు కనబడదు, అరకుకు వచ్చినవాళ్లే కనబడతారు. ఆషాఢ శ్రావణాల్లో రా. వాన ఎడతెగదు, ఘాటు రోడ్ల మీద అక్కడక్కడ కొండచరియలు జారతాయి, అందుకని పగలే ప్రయాణం పెట్టుకో. దోమతెర తెచ్చుకో. మన్యం జ్వరం పేరు చెబితే ఒకప్పుడు తెల్ల సిపాయిలు కూడా వణికేవారు. ఇప్పుడంత లేదు, కానీ వానాకాలంలో మలేరియా ఉండనే ఉంటుంది. ఆ రోజుల్లోనే నీకు ఇంకో సంగతి తెలుస్తుంది. రోడ్డు లేని ఊళ్ల నుంచి నిండు గర్భిణుల్ని డోలీ కట్టి, వాగు దాటించి, భుజాల మీద ఆసుపత్రికి మోసుకొస్తారు. వ్యూ పాయింటుకు మాత్రం తారు రోడ్డు పడుతుంది. ఇది చూశాక నీ ప్లానులో మొదటి ఖర్చు దేనికో మళ్లీ ఆలోచిస్తావని నా నమ్మకం.

తరవాత అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి రా. వలిసెలు పూసి లోయంతా పసుపుపచ్చగా ఉంటుంది. కాఫీ పళ్లు ఎర్రబడి కోత మొదలయ్యే రోజులూ అవే. వేసవి మొదట్లో నాలుగు జల్లులు పడితే తోటలన్నీ తెల్లగా పూసి, మల్లెపూల వాసన వేస్తాయి. అది చూడటానికి ఎవరూ రారు, నువ్వు రా. మే నెలలో పాడేరులో మోదకొండమ్మ జాతర. మైదానంలో స్థిరపడిన పిల్లలు కూడా ఆ మూడు రోజులకు ఊరు చేరతారు.

చూడాల్సిన చోట్ల జాబితా నీ దగ్గర ఎలాగూ ఉంది. చాపరాయి, కటిక, కొత్తపల్లి జలపాతాలు, వంజంగి మేఘాలు. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిందని చెబితే నీ స్నేహితులకు నచ్చుతుంది. జలపాతాల దగ్గర నాచు పట్టిన బండల మీద నిలబడి ఫొటోలు తీయకండి. చదువుకునే పిల్లలు అలా పోయారన్న వార్తలు చదివి చదివి నా గుండె అలిసిపోయింది.

ఒక్క సంగతి దగ్గర మాత్రం నిలబడి చెబుతాను. సంతకు వెళ్లు. ప్రతి పెద్ద ఊరికీ వారానికో రోజు సంత ఉంటుంది. ఏ ఊరికి ఏ వారమో బస్సు డ్రైవర్లను అడిగితే చెబుతారు. పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా ఒకచోట కూర్చో. పసుపు, అల్లం, రాజ్‌మా, పిప్పళ్లు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు తలమీద పెట్టుకుని తెల్లారకముందే కొండ దిగి వస్తారు. ఊరి మొదట్లోనే దళారి ఎదురెళ్లి గంప పట్టుకుంటాడు. తూకం అతనిదే, ధర అతనిదే. దాన్ని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. అది కొనే సరుకుల ధరలు తెలుసుకుని, సంతలో ధరల పక్కన రాసి చూడు. అక్కడ నీకు ఐదారు భాషలు వినబడతాయి. కోదులు మాట్లాడే కువి, ఆదివాసీ ఒడియా, కొండదొరల భాష, గదబల భాష, మన తెలుగు. భగత, వాల్మీకి, పోర్జ, కోటియా, నూకదొర అందరూ ఆ సంతలో ఉంటారు. అందరినీ కలిపి గిరిజనులు అనేసి ఊరుకోకు. ఎవరేమిటో కనుక్కో. పెద్దవాళ్లను అయ్యా, అమ్మా అని పిలువు. ఆడవాళ్ల ముక్కుకమ్మలు ఫొటో తీసే ముందు అడుగు, వద్దంటే కెమెరా దించు. పిల్లలకు చాక్లెట్లు విసరకు.

ధింసా ఆట గురించి కూడా ఒక మాట. నీ బొమ్మలో చలిమంట పక్కన రాత్రి ఏడింటికి ధింసా అని రాసి ఉంది. అది పెళ్లికి, చైత్రమాసం పండగకు, ఊరంతా కలిసిన రోజున ఆడే ఆట. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు అల్లుకుని, అడుగులో అడుగేసి, పాములా మెలికలు తిరుగుతూ నడుస్తారు. మోరీ, కిరిడి, తుడుము వాయిస్తారు. డబ్బిస్తే నీ గుడారాల ముందూ ఆడతారు, ఎందుకంటే వాళ్లకు డబ్బు అవసరం. తాగి ఈలలేసే కుర్రాళ్ల ముందు మా బడి పిల్ల తల్లి అలా ఆడటం చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పంక్తి కొట్టెయ్.

ఇంకొకటి. నీతో వచ్చే స్నేహితుల్లో ఎవరికైనా ఏజెన్సీ అనగానే గంజాయి గుర్తొస్తే అలాంటివాణ్ణి వెంట తీసుకురాకు. పెట్టుబడి పెట్టేది ఎక్కడో ఉండే బయటివాడు. దొరికేది మోతకు ఒప్పుకున్న కొండ కుర్రాడు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని శిక్ష. నేను అక్షరాలు దిద్దించిన చేతులు కొన్ని ఇప్పుడు జైల్లో ఉన్నాయి.

ఇక నువ్వు చేయగలిగిందేమిటో చెబుతాను, ఎందుకంటే ఉద్యోగం మానేసి ఏదో చేయాలన్న నీ కోరిక నాకు చిన్నదిగా కనబడలేదు.

కాఫీ కథ చూడు. పోడు కొట్టుకునే కుటుంబాలు వెండి ఓకు చెట్ల నీడన, మిరియాల తీగ పాకించి, కాఫీ వేసుకున్నాయి. నేల వాళ్లదే, చెట్టు వాళ్లదే. బయటినుంచి వచ్చింది మొక్క, శిక్షణ, కొనుగోలు, పేరు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం ఉంది. ఆ రైతుకు ఇంకా న్యాయమైన ధర రావాలి, అది వేరే మాట. కానీ పద్ధతి చూడు. నేల చేతులు మారకుండా, బయటివాడి తెలివి లోపలికి వచ్చింది. నువ్వు కూడా అలా రా.

గిరిజన యువకులు నడుపుకునే ఇళ్ల బసలు అక్కడక్కడ మొదలయ్యాయి. మట్టి గోడ, పెంకుటిల్లు, పక్కన కాఫీ తోట, రాత్రి సామ అన్నం, బొంగులో చికెన్. వాళ్లకు లేనివి నీకు తెలిసిన పనులే. బుకింగులు చూడటం, జమాఖర్చులు రాయడం, పరభాషవాళ్లతో ఫోన్లో మాట్లాడటం, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంచడానికి ఎంత నీరు కావాలో లెక్కగట్టడం, ప్లాస్టిక్ చెత్తను కొండ దించే ఏర్పాటు. వంజంగి మీద సూర్యోదయం చూసి జనం దిగిపోయాక సీసాలు, ప్లేట్లు ఎన్ని ఉంటాయో ఒక్కసారి ఎక్కి చూడు. అలాంటి ఒక ఊళ్లో గిరిజన యువకులతో సహకార సంఘం పెట్టించు. ఆస్తి సంఘానిది. నువ్వు జీతానికో కమీషనుకో పనిచేసే మనిషివి, ఏడాదికోసారి వాళ్లు వద్దంటే మానేయాల్సినవాడివి. ముందు గ్రామసభలో కూర్చుని చెప్పు. 1996 నాటి పెసా చట్టం, 2011లో మన రాష్ట్రం దానికి రాసుకున్న నియమాలు గ్రామసభకు గొంతు ఇచ్చాయి. ఆ సభలో ఆడవాళ్లు మాట్లాడేదాకా ఆగు. మగవాళ్లు నీకు నచ్చే మాట చెబుతారు. ఆడవాళ్లు నీటి ఊట ఎవరిది, మేకలు ఎక్కడ మేయాలి అని అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు నీ దగ్గర లేకపోతే ఆ ఊళ్లో మొదలుపెట్టకు.

ఇలా చేస్తే సొంత ఆస్తి ఏమీ మిగలదంటావు. నిజమే, మిగలదు. సొంతంగా గుడారాలు, సొంత పేరుతో బోర్డు కావాలనుకుంటే దానికీ దారి ఉంది. ఘాటు దిగి శృంగవరపుకోట పక్కకు రా. అది షెడ్యూల్డు ప్రాంతం కాదు. కొండ పాదంలో మామిడి, జీడి తోటలు అమ్మకానికి వస్తుంటాయి. కాగితాలు సరిగ్గా ఉన్న నేల చూసి కొనుక్కో. పొద్దున్నే నీ అతిథుల్ని రైలెక్కించి కొండ మీదకు పంపు, అక్కడ సంఘం పిల్లలు దింపుకుని తిప్పి, భోజనం పెట్టి పంపిస్తారు. లాభం కొంచెం తగ్గుతుంది, చీకటి వ్యవహారం ఒక్కటీ ఉండదు. మీ నాన్న దాచుకున్న డబ్బు పెట్టాలనుకుంటే ఇక్కడే పెట్టు.

ఆ లీజు ఇస్తామన్న కుటుంబానికి అడ్వాన్సు ఏమైనా ఇచ్చావా? రాయలేదు నువ్వు. ఇచ్చి ఉంటే తిరిగి అడగకు. చాలామట్టుకు అది ఈపాటికే పిల్లల ఫీజుకో, వైద్యానికో అయిపోయి ఉంటుంది. ఆ ఇంటికి నువ్వే వెళ్లి, కాగితం చింపేశానని వాళ్ల ముందే చెప్పి, వాళ్లు పెట్టిన అంబలి తాగి రా.

వచ్చే ముందు రెండు రోజుల ముందే ఫోను చెయ్యి. హుకుంపేట దగ్గర, జి. మాడుగుల దగ్గర నా పాత విద్యార్థులు ఇద్దరు టీచర్లుగా ఉన్నారు. వాళ్లకు చెప్పి ఉంచుతాను, సంతకు, గ్రామసభకు తీసుకెళతారు. మోకాళ్లు సహకరిస్తే పాడేరు దాకా నేనూ వస్తాను. మీ అమ్మను అడిగానని చెప్పు. బామ్మకు చలికాలం దగ్గు మళ్లీ వచ్చిందని విన్నాను, పాడేరు మిరియాలు, పసుపు కొరియర్లో పంపిస్తున్నాను, అందగానే తెలియజెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ